ఆదివారం రేడియోలో అడిగిన ఓటు

పెద్ద వరద వచ్చి వెళ్ళిన మూడో చలికాలంలో జరిగిందిది. ఏరు పొంగి వెస్టర్‌వెల్డ్ ఊరి దిగువ పొలాల్లో మొక్కజొన్నంతా నిలువునా కుళ్ళిపోయింది ఆ ఏడు. అప్పట్నుంచీ అక్కడివాళ్ళు ఏ లెక్కయినా వరదతోనే వేస్తారు. వరదకి ముందు పెళ్ళి, వరద తర్వాత చావు, అలా.

ఓల్కర్ట్ హావర్‌హాల్స్‌కి అప్పటికి డెబ్బై నాలుగేళ్ళు. మూడో తరగతితో బడి మానేసి పాడిలో దిగాడు. ఆయన దొడ్లో ఆయనకన్నా ఆవులే ఎక్కువ మాట్లాడతాయని ఊళ్ళో హాస్యం ఉండేది. ఆవుల్ని అమ్మేశాక ఆ దొడ్లో మాటన్నదే లేకుండా పోయింది.

అలాంటివాడు ఆ చలికాలం నలభై గడపలు ఎక్కి దిగాడు. ఎక్కిన ప్రతి గడపలోనూ ఒకే మాట చెప్పాడు. "ట్రాస్క్ మంచివాడు. చీటీ ఆయనకి వెయ్యండి." అంతే. కాఫీ ఇస్తే తాగి, టోపీ పెట్టుకుని వచ్చేసేవాడు.

ఎల్డన్ ట్రాస్క్ దక్షిణాది పాస్టరు. అమెరికా అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. కడుపులో ఉన్న బిడ్డకి ఈ దేశంలో దిక్కు లేకుండా పోయిందని, తను గెలిస్తే గర్భస్రావాన్ని ఒప్పుకునే చట్టం తిరగరాయిస్తానని చెప్పేవాడు. మిగతావాళ్ళు ఆ మాట నీళ్ళు నములుతూ చెప్పేవారు. ట్రాస్క్ నిండు నోటితో చెప్పేవాడు. ఓల్కర్ట్‌కి అది చాలు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఆయనకీ భార్య హిల్కాకీ పుట్టిన ఒక్క పాప ఏడవకుండానే పోయింది. పలకలు కోసి పెట్టె తనే చేశాడు, తనే మోశాడు. ఆ పెట్టె బరువు తెలిసినవాడికి కడుపులో ఉన్నది మనిషి కాదని ఎవరన్నా అంటే ఒళ్ళు మండుతుంది.

సోమవారం సాయంత్రం బడి భోజనాల గదిలో చీటీల సభ. ట్రాస్క్ పార్టీ వాళ్ళంతా చేరతారు. ఒక్కో అభ్యర్థి తరఫున ఒకరు లేచి మూడు నిమిషాలు మాట్లాడతారు, తర్వాత ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు. దేశం మొత్తంలో మొదటి సభలు వాళ్ళ అయోవా రాష్ట్రానివే. ట్రాస్క్ దగ్గర, అదే పార్టీ నుంచి పోటీపడుతున్న సెనేటరు దగ్గరున్నంత డబ్బు లేదు. ఇక్కడ, తనలాంటి జనం మధ్య గెలవకపోతే ఇక ఆయనకి ఇంటిదారే. ఆయన పోతే ఆ మాట అలా చెప్పేవాడు మళ్ళీ ఎప్పుడొస్తాడో. వచ్చేదాకా ఓల్కర్ట్ ఉండడు.

ట్రాస్క్ తరఫున జిల్లాలో తిరిగే మేరిబెత్ అనే జార్జియా అమ్మాయి ఈయన్నే మాట్లాడమంది.

"మూడే మూడు నిమిషాలు తాతగారూ."

హిల్కా పకపకా నవ్వింది. "మూడు నిమిషాలా? మా పెళ్ళినాడు 'ఊ' అనడానికే ఈయనకి అంతసేపు పట్టిందే అమ్మాయ్!"

"అందుకేనమ్మా. ఈయన నోరు తెరిస్తే అబద్ధం రాదని ఊరంతా అంటారు. నాకు అలాంటివాళ్ళే కావాలి."

ఓల్కర్ట్ "సరే, చెప్తాను" అన్నాడు.

సభకి ముందురోజు, ఆదివారం, తెల్లవారేసరికి మంచు తుఫాను. రోడ్లు కనబడలేదు. గుడి మూసేశారు. అలాంటప్పుడు ఊరి పాస్టరు రేడియో స్టేషనుకి వెళ్ళి రేడియోలోనే ఆరాధన జరిపిస్తాడు. జిల్లాలో ప్రతి ఇంట్లోనూ మంచి బట్టలు వేసుకుని రేడియో చుట్టూ కూర్చుంటారు. ఆదివారం దేవుడి విశ్రాంతి దినమని అక్కడ పొయ్యి మీద కొత్తగా ఏదీ ఉడకదు. బంగాళదుంపలు శనివారమే తొక్క తీసి ఉడికించి ఉంచుతారు. గిన్నెలు సోమవారం దాకా తోమరు. అమ్మకం లేదు, కొనడం లేదు, బేరం మాటే లేదు.

పది గంటలప్పుడు తలుపు చప్పుడైంది. తీస్తే గుమ్మంలో ఎల్డన్ ట్రాస్క్. వెనకాల మేరిబెత్, బస్సు డ్రైవరు. వాళ్ళ ప్రచార బస్సు ఇంటి దారి మొగలో గుంటలోకి జారింది. ట్రాస్క్ కనుబొమల మీద మంచు పేరుకుని ఉంది.

"దేవుడే మీ ఇంటి ముందు ఆపాడు బ్రదర్" అన్నాడు లోపలికొస్తూ.

హిల్కా నిన్నటి బఠానీ సూప్ వెచ్చబెట్టింది. ట్రాస్క్ తిన్నాడు, బాగుందన్నాడు, ఇంకా పెట్టించుకున్నాడు. హిల్కాకి మనిషి నచ్చాడు. పిల్లలెంతమందమ్మా అని అడిగాడు మాటల్లో. ఎవరడిగినా లేరు అని ఊరుకునే మనిషి ఆ పూట ఎందుకో ఊరుకోలేదు. పాప సంగతి చెప్పింది. ముప్పై ఎనిమిదేళ్ళలో బయటి మనిషికి చెప్పడం అదే మొదలు. ట్రాస్క్ ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాడు. హిల్కా వంటగుడ్డతో కళ్ళు తుడుచుకుంది. ఓల్కర్ట్ బూట్లకేసి చూస్తూ కూర్చున్నాడు. తను ఎంచుకున్నవాడు సరైనవాడే అనుకున్నాడు.

అప్పుడే రేడియోలో పాస్టరు ప్రసంగం ముగిసి కీర్తన మొదలైంది.

"ఇది అందరూ వింటారా?" అని అడిగాడు ట్రాస్క్.

"ఈ పూట వినని ఇల్లుండదు" అంది హిల్కా గర్వంగా.

ట్రాస్క్ లేచాడు. "బ్రదర్, ఆ స్టేషను నంబరు తెలుసా? దారిలో చిక్కుకున్నవాళ్ళ గురించి ఒక మాట చెప్దాం."

తెలుసు. ట్రాస్క్ వేళ్ళు చలికి ఇంకా కొంకర్లు పోయి ఉన్నాయని ఓల్కర్టే నంబరు తిప్పి ఇచ్చాడు.

స్టేషను కుర్రాడు తుఫాను వార్తేమో అనుకుని ఫోను నేరుగా ప్రసారంలో కలిపాడు. ట్రాస్క్ తుఫాను గురించి రెండు మాటలు చెప్పాడు. తర్వాత గొంతు మార్చాడు. తను బ్రదర్ ఓల్కర్ట్ వంటింట్లో ఉన్నానన్నాడు. ఈ ఇంట్లో ఒక తల్లి తన పాపని పోగొట్టుకుని ఖాళీ చేతులతో మిగిలిందన్నాడు. అలాంటి పిల్లల కోసం రేపు సాయంత్రం మీ చీటీ నాకు వెయ్యండి అన్నాడు.

వంటింట్లోనే రేడియో కూడా ఉండటంతో ఆ మాట రెండుసార్లు వినబడింది, ఒకసారి మనిషిలోంచి, ఒకసారి పెట్టెలోంచి.

ఓల్కర్ట్‌కి తెలుసు. విశ్రాంతి దినాన, ఆరాధన మధ్యలో, ఓటు అడిగాడు. ఫోను తన చేతికి అందేంత దూరంలో ఉంది. నొక్కేస్తే ఆగిపోయేది. నొక్కలేదు. అతిథి అని కాదు. మొహమాటమూ కాదు. ఆ మాట వింటే ఇంకో పదిమంది వస్తారేమో అని లోపల ఆశ పుట్టింది. ఆ ఆశతోనే ఊరుకున్నాడు. హిల్కాకేసి చూడలేదు.

ట్రాక్టరుతో గుంటలోంచి బస్సు లాగి పంపేసరికి మధ్యాహ్నం దాటింది.

సోమవారం పన్నెండు గంటలకి మేరిబెత్ పరుగున వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ఫోన్లమీద ఫోన్లు తాతగారూ! నిన్నటిది విని జనం మండిపడుతున్నారు. మా ఊళ్ళో గుడి నించి తిన్నగా హోటలుకెళ్ళి తింటాం, ఎవరూ ఏమీ అనరు. మీవాళ్ళకి ఇంత పట్టింపని నాకేం తెలుసు?"

ఓల్కర్ట్ ఆ అమ్మాయికి కుర్చీ జరిపాడు.

"ఒక్కటే దారుంది. అది శనివారం రికార్డు చేసిందని, స్టేషనువాళ్ళు పొరపాటున ఆదివారం వేశారని సభలో చెప్పండి. మీరు చెప్తే నమ్ముతారు. మీరు చెప్తేనే నమ్ముతారు."

"తుఫాను ఆదివారం కదమ్మా" అంది హిల్కా పొయ్యి దగ్గర్నుంచి.

"తుఫాను ముక్క తర్వాత కలిపారనండి! తాతగారూ, ఇక్కడ పోతే మొత్తం పోయినట్టే. ఆ పసిపిల్లల కోసం కూడా చెప్పలేరా?"

ఓల్కర్ట్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "చూస్తాను" అన్నాడు. ఆ అమ్మాయి దాన్ని సరేననుకుని వెళ్ళిపోయింది. ఆయనకి ఆ క్షణాన తనేం చెప్తాడో నిజంగానే తెలియదు.

సభకి హిల్కాతో సహా యాభై ఎనిమిది మంది వచ్చారు. పిల్లలు కూర్చునే పొట్టి బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నారు. సభ నడిపేది సంఘపెద్ద టీస్ బ్రూవర్. సెనేటరు తరఫున గింజల వ్యాపారి లాంబర్ట్ కూయికర్ మాట్లాడాడు. పన్నుల గురించి చెప్పి, చివర్న నవ్వుతూ అన్నాడు: "మా వాడు దేవదూత కాదు. కానీ ఆదివారం నోరు మూసుకుని ఉంటాడు."

గది గొల్లుమంది.

తర్వాత ఓల్కర్ట్ లేచాడు. కాగితం మీద తొమ్మిది వాక్యాలు రాసుకున్నాడు. రెండు రాత్రులు పట్టింది రాయడానికి. విప్పబోతుంటే టీస్ చెయ్యి ఎత్తాడు.

"బ్రదర్, మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. కొందరు అది శనివారం మాట్లాడిందంటున్నారు. వేరెవర్నీ అడగను. నిన్నే అడుగుతున్నాను. ఆ ఫోను ఎప్పుడు చేశాడు?"

గోడవార నిలబడిన మేరిబెత్ రెండు చేతులూ గుండెకి ఆనించుకుంది. ఓల్కర్ట్ జనాన్ని చూశాడు. తను కాఫీ తాగిన నలభై ఇళ్ళవాళ్ళూ అక్కడున్నారు. వాళ్ళ మొహాల్లో కోపం లేదు. నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. ఒక్క మాట చాలు. అంతమంది తన మాట కోసం అలా చూడటం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"ఆదివారం" అన్నాడు. "నా ఫోను. నంబరు నేనే తిప్పాను. ఆపగలిగీ ఆపలేదు."

ఎవరో దగ్గారు.

"ఇంకా రెండు నిమిషాల పైన ఉంది బ్రదర్" అన్నాడు టీస్ మెత్తగా. "నువ్వు చెప్పదలుచుకున్నది చెప్పు."

ఓల్కర్ట్ కాగితం చూశాడు. పైన మొదటి వాక్యం, 'ఈయన మన లాంటివాడు' అని ఉంది. అది చదవలేకపోయాడు. అది దాటి రెండోది చదువుదామంటే దానికి మొదటిది కావాలి. కాగితం మడిచాడు.

"చాలు" అని కూర్చున్నాడు.

చీటీలు పంచారు. ఓల్కర్ట్ మోచెయ్యి అడ్డం పెట్టుకుని పేరు రాశాడు. టీస్ డబ్బా విప్పి ఒక్కొక్కటే పైకి చదివాడు. సెనేటరుకి నలభై. పన్నులన్నీ తీసేస్తానన్న మూడో అభ్యర్థికి పదహారు. ట్రాస్క్‌కి ఒకటి. ఖాళీ చీటీ ఒకటి.

మేరిబెత్ అప్పటికే వెళ్ళిపోయింది. లాంబర్ట్ వచ్చి భుజం తట్టాడు. "పోన్లే ముసలాడా, ఆ ఒక్కటీ నీదే కదా. మాట మీద నిలబడ్డావు." వెక్కిరింపు కాదు, మంచిగానే అన్నాడు. ఓల్కర్ట్‌కి అది వెక్కిరింపు కన్నా కష్టంగా ఉంది.

ఇద్దరూ బండిలో ఇంటిదారి పట్టారు. హీటరు ఒకటే మోగుతోంది.

"ఖాళీది నాదేనయ్యా" అంది హిల్కా.

ఆయన తల ఊపాడు.

"ఆదివారమని కాదు. ఆదివారం సంగతి వాళ్ళు చూసుకుంటారు. పాపకి మనం పేరైనా పెట్టుకోలేదు. నువ్వూ నేనూ కూడా దాని గురించి మాట్లాడుకోలేదు ఇన్నేళ్ళూ. ఆయన చెయ్యి పట్టుకుంటే చెప్పేశాను. సూప్ చల్లారేలోపు దాన్ని తీసుకెళ్ళి జిల్లా అంతటికీ పంచి ఓటు అడిగాడు." ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"అయినా వాడికే రాశావా?"

"మాటిచ్చాను."

"నాకూ ఒకప్పుడు ఇచ్చావు" అంది. తర్వాత ఇల్లు చేరేదాకా అద్దంలోంచి బయటికి చూసింది. ఇంటికొచ్చాక పై గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున ఏడింటికి ఫోను మోగింది. మేరిబెత్. గొంతు బొంగురుపోయి ఉంది. ట్రాస్క్ తప్పుకున్నాడంది. తనవాళ్ళంతా ఇక సెనేటరుకి పనిచెయ్యాలని కోరాడంది. సెనేటరు మనుషులు ఓల్కర్ట్ పేరు అడిగారని, రాసిచ్చానని, ఆయనకి అభ్యంతరం ఉండదనుకున్నానని అంది.

"సెనేటరు ఆ చట్టం గురించి ఏమంటాడు?" అని అడిగాడు ఓల్కర్ట్.

"అదీ... గెలిచాక చూద్దామంటున్నారు తాతగారూ."

ఆయన ఫోను పెట్టేశాడు. పై గది తలుపు ఇంకా మూసే ఉంది. మెట్ల కింద నిలబడి పైకి చూశాడు. పిలవాలనుకున్నాడు. ఏమని పిలవాలో తోచలేదు.

కోటు వేసుకుని పద్దెనిమిది మైళ్ళు బండి నడుపుకుంటూ జిల్లా ఆఫీసుకి వెళ్ళాడు. కిటికీ వెనకాల ఉన్నావిడ ఇంకా స్వెటరు గుండీలు పెట్టుకుంటోంది. అక్కడ ఓటర్ల జాబితాలో ప్రతి పేరు పక్కనా వాళ్ళ పార్టీ రాసి ఉంటుంది; తన పేరు పక్కనున్నది తీసెయ్యాలన్నాడు.

"మార్చుకుంటారా? ఏ పార్టీలోకండీ?"

"ఏదీ వద్దు."

ఆవిడ కాగితం ఇచ్చి, ఎక్కడ గీత పెట్టాలో గోటితో చూపించింది. 'ఏ పార్టీ కాదు' అన్న గడిలో గీత పెట్టాడు. కింద సంతకం చేశాడు. పొడుగు పేరు, నెమ్మదిగా రాశాడు. వెనకాల ఇద్దరు నిలబడి ఉన్నారు, తొందరపెట్టలేదు.

"అంతేనండీ, అయిపోయింది" అంది ఆవిడ.

ఆయన టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు. బండిలో కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు.