తొలిచూలు బిడ్డలు

బిందుప్రియ మైకు అందుకుందంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. లా కాలేజీలో డిబేట్ కప్పులు కొట్టుకొచ్చిన పిల్ల. మేనత్త పద్మకుమారిని ఈసారి టాటా ఊళ్ళోని భుయ్యాడీహ్ తెలుగు సంఘానికి ప్రెసిడెంటును చేసి తీరాలని పంతం పట్టి వచ్చింది. సంఘంలో పెళ్ళయినా చావయినా ముందు వాలేది అత్తే, హాలు తాళాలు అత్త కొంగునే ఉంటాయి, వంట గాడిపొయ్యి దగ్గర నిలబడేదీ అత్తే. అయినా స్టేజీ మీదకు ఒక్కసారీ ఎవరూ పిలవలేదు. మొన్న రాత్రి పప్పు రుబ్బుతూ, "ఒక్కసారి నా పేరు కూడా మైకులో సదివితే బాగుణ్ణే," అంది అత్త. ఆవిడ నోరు తెరిచి ఏదైనా అడగడం బిందు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఎదురు నిలబడింది బలరామ్. పక్కనున్న ఆదిత్యపూర్‌లో లేబర్ కాంట్రాక్టరు, పాలకొండ నుంచి పెద్దయ్యాక వచ్చినవాడు. మనుషులున్నారు, మాటకారి. ఓట్లకు పోతే అతనే గెలుస్తాడు. అందుకే బిందు ఓట్ల కంటే ముందు రూలు తెచ్చింది.

"కొన్ని దేశాల్లో ప్రెసిడెంట్ అవ్వాలంటే అక్కడే పుట్టుండాలి. ఎంత పేరున్నవాళ్ళయినా సరే. మన ఊరి సంఘానికి మన ఊళ్ళో పుట్టినవాళ్ళే పెద్దగా ఉండాలని అడగడం తప్పా?"

బలరామ్ కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. "నా పిల్లలు ఇక్కడి బళ్ళోనే సదువుతన్నారు. కంపెనీ గేటు కాడ నన్నెరగనోడు లేడు. మరి నేను ఎప్పటికి ఇక్కడోణ్ణవుతానమ్మా?"

"రావడం వేరు అంకుల్, పుట్టడం వేరు."

చప్పట్లు మోగాయి. ఆ ఊపులో బిందు ఇంకో మాట కలిపింది, వచ్చే ఏడాది మీటింగు దాకా ఈ రూలు ఎవరూ మార్చకూడదని. చేతులు లేచాయి. సెక్రటరీ సీతారామరావు మాత్రం కళ్ళజోడు పైకి తోసుకుని, "ఆలోచించుకున్నావా అమ్మా," అన్నాడు. గెలుపు వేడిలో ఉన్న పిల్లకు ఆ మాట చెవికెక్కలేదు.

నామినేషన్లు మొదలయ్యాయి. పద్మకుమారి చీర కుచ్చెళ్ళు సర్దుకుని మెల్లగా ముందుకు వచ్చింది.

"పుట్టిన ఊరు?" అడిగాడు సీతారామరావు. వెంటనే గొంతు తగ్గించి, "టాటా అని సెప్పెయ్ చెల్లీ, ఎవలడుగుతారు," అన్నాడు.

పద్మకుమారి ఆయన వంక చూసింది, తర్వాత మేనకోడలి వంక చూసింది.

"పొందూరు అన్నయ్యా. మా అమ్మ పుట్టిల్లు. తొలి పురుడు పుట్టింటోరే పొయ్యాల గదా. నెలల పిల్లగా ఉండగా రైలెక్కించి తెచ్చారు."

బిందుకు తెలియని సంగతి కాదే ఇది. అత్త పెద్దది, పొందూరులో పుట్టింది. నాన్న రెండోవాడు, ఇక్కడి ఆస్పత్రిలో పుట్టాడు. అంతెందుకు, తనూ తొలిచూలే, టెక్కలిలో అమ్మమ్మగారింట్లో పుట్టింది. ఈ హాల్లో ఎవరినడిగినా టాటావాళ్ళమనే చెప్తారు, ఏ ఇంట్లో చూసినా పెద్దబిడ్డ పుట్టింది అమ్మమ్మగారి ఊళ్ళోనే. దాన్ని ఇంకో ఊళ్ళో పుట్టడమని ఎవరైనా అనుకుంటేగా.

పరుగున వెళ్ళి అత్త చెయ్యి పట్టుకుంది. "అత్తా, బోల్ దో నా, టాటా అని చెప్పెయ్. ప్లీజ్."

"ఎలా సెప్పమంటావే? మా అమ్మమ్మ సేతుల్లో పడ్డాను. ఆ ముసల్దాన్ని లేదనీమంటావేటి?"

వెనక వరసలోంచి ఎవరో నవ్వారు. "నానూ పెద్దోణ్ణే. మరి నాకూ లేనట్టే."

అలా పెద్దబిడ్డలు ఒక్కొక్కరే తప్పుకోగా, ఇక్కడ పుట్టిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మాకెందుకని వెనక్కి తగ్గగా, మిగిలినవాడు సూర్యప్రకాష్. చుట్టాల పెళ్ళికని ఆస్ట్రేలియా నుంచి వచ్చాడు. ఇంట్లో మూడోవాడు, ఇక్కడి ఆస్పత్రిలోనే పుట్టాడు. ఎవరో అతని పేరు చెప్పారు.

"ఆయనది ఆస్ట్రేలియా పాస్‌పోర్టు," అంది బిందు. "ఇండియన్ సిటిజనే కాదు. మన దగ్గర రెండు దేశాల సిటిజన్‌షిప్ ఉంచుకోనివ్వరు."

"నీ రూల్లో పాస్‌పోర్టు ఊసు లేదు తల్లీ," అన్నాడు సీతారామరావు. కోపంగా కాదు, జాలిగానే అన్నాడు. "పుట్టుకే అన్నావు. మార్చడానికీ లేదన్నావు."

సూర్యప్రకాష్ పేరు మైకులో చదివారు. అతను సిగ్గుపడుతూ పైకెళ్ళి దండ వేయించుకుని దిగివచ్చి పద్మకుమారితో, "గురువారం ఫ్లైటు అక్కా. ఇక్కడి పనులన్నీ నువ్వే చూసుకోవాలి," అన్నాడు.

"అలాగే బాబూ," అంది పద్మకుమారి.

బయట ఎండ మండుతోంది. బలరామ్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. అత్తతో పాటు బయటికొచ్చిన బిందు తలెత్తలేకపోయింది.

"నన్ను ఆపడానికి గోడ కట్టావు పాపా," అన్నాడతను. "మీ అత్త కూడా ఆ గోడకి ఇవతల నా పక్కనే ఉండిపోయింది." తర్వాత ఆవిడ వైపు తిరిగి, "మళ్ళీ ఏడు ఈ రూలు తీయించేద్దుం అక్కా. నేను నిలబడను. నువ్వే ఉందువు గాని," అన్నాడు.

"రూలుదేటి బాబూ, తీసేత్తారు," అంది పద్మకుమారి. "మళ్ళీ ఏడుకి నాకు ఆ సరదా ఉండొద్దూ."

"అత్తా, సారీ," అంది బిందు. ఎన్నో డిబేట్లు గెలిచిన నోటికి ఆ ఒక్క మాటే దొరికింది.

లోపల భోజనాలకు పిలుస్తున్నారు, ఆకులు వేయాలి. పద్మకుమారి లోపలికి వెళ్ళిపోయింది.