కర్ర మీద బోర్లించని డబ్బా

గురవమ్మకి కోపం ఎక్కువని ఊరంతా అంటారు. అననీండి. దర్శి దగ్గర మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది నేనే. అరవై మంది పిల్లలకి గవర్నమెంటు ఇచ్చే కందిపప్పు చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నీళ్లలో పప్పుని వెతుక్కోవాలి. అందుకే ఆ రోజు పొద్దున్నే అంకమ్మరావు మిరపచేలో తోటకూర కోసుకొచ్చి పప్పులో వేశాను. విత్తకుండా మొలిచే కూర, ఎవరూ కాదనరు.

అయితే మా ఊళ్లో ఒక కట్టుబాటుంది. పురుగుమందు కొట్టిన చేనికి గట్టున కర్ర పాతి, ఖాళీ డబ్బా బోర్లించాలి. అది కనపడితే గడ్డిపరక కూడా ముట్టం. నాలుగు గట్లూ చూసే దిగాను. డబ్బా లేదు.

పన్నెండింటికి అంకమ్మరావు సైకిలు మీద పోతూ, వంటపాక ముందున్న తోటకూర కాడలు చూసి ఆగాడు.

"అత్తా, ఈ కూర ఎక్కడిది?"

"నీ చేలోదేరా. ఏం, కోయకూడదా?"

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నిన్న సాయంత్రమే మందు కొట్టానత్తా!"

"డబ్బా ఏదిరా మరి?"

"గట్టి డబ్బా గదా, బర్రెకి తవుడు కొలుచుకోవచ్చని ఇంటికి పట్టుకుపోయా..."

"నీ తవుడు మండిపోనూ!"

గంట కొట్టడానికి ఇంకా పావుగంట ఉంది. గుండిగని రెండు చేతులా తోసేశాను. పప్పంతా నేలపాలైంది. చేతులు కాలిన సంగతి కూడా తెలీలేదు. హమ్మయ్య అనుకునేలోపే క్రిస్టీనా గుర్తొచ్చింది.

రెండో తరగతి పిల్ల. యేసుపాదం కూతురు. అమ్మానాన్నలు చీకటితోనే మిరపకాయ కోతకి పోతారు, ఇంట్లో పొద్దున తినడానికేమీ ఉండదు. ఒకసారి బడి ప్రార్థనలో కళ్లు తిరిగి పడింది. అప్పట్నించీ అందరికంటే ముందు దానికి పెడతాను. ఇందాకే బాక్సు నిండా పెట్టి, "కూర వేశానే, ఒంటికి మంచిది, తిను" అని పంపాను.

పరిగెత్తాను. బడి వెనక సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది.

"తిన్నావా?"

బిక్కచచ్చిపోయి చూసింది.

"తిన్నావంటే!"

"తిన్నా... మొత్తం తిన్నా."

అంకమ్మరావు ఉప్పునీళ్లు తెచ్చాడు. ముక్కు మూసి చెంబెడూ తాగించి, గొంతులో వేలు పెట్టాను. పిల్ల గింజుకుంది, ఏడ్చింది, కక్కింది. నీళ్లే. మళ్లీ తాగించాను. మళ్లీ నీళ్లే. ఒక్క మెతుకు లేదు.

"విషం లోపలికి దిగిపోయిందిరా! సైకిలెక్కించు, దర్శి పోదాం!" అని అరిచాను.

"వద్దవ్వా! తినలేదు!" అని క్రిస్టీనా నా కొంగు పట్టుకుంది. "ఇంటికి పట్టుకెళ్తే వీపు చీరేస్తానన్నావుగా. అందుకే అబద్ధం చెప్పా."

అన్నాను. రోజూ అంటాను. నా నోరు పడిపోనూ!

సంచి లాగి బాక్సు తీశాను. మూత తీస్తే అన్నం, పప్పు పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. అక్కడే కూలబడ్డాను.

"ఎవరికే ఇది?"

"తమ్ముడికి. వాడికి బడి లేదుగా." మూడేళ్లవాడు. వాణ్ణి ఇంట్లో ముసలామెకి అప్పగించి పోతారు. "రోజూ సగమే దాస్తానవ్వా. ఇవాళ కూర మంచిదన్నావుగా, మొత్తం వాడికే ఉంచా."

అంకమ్మరావు గోడకి తల ఆనించి నిలబడ్డాడు.

నేను లేచి ఆ బాక్సు గుంటలో బోర్లించబోయాను. పిల్లకి మందు సంగతి ఏం తెలుసు? "మా తమ్ముడిది!" అని మీదపడి, కాలిన చేతిని కసిగా కొరికింది.

కొరకనిచ్చాను. బాక్సు ఖాళీ అయిందాకా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.