పక్క సీటు తాడు

పీటర్ కూతురు హెలెన్ పంపిన ఫోటో తెరవగానే ముందు కనిపించింది బురద. ఆ తర్వాత పీటర్ కారు. పందొమ్మిదొందల ముప్ఫైల నాటి ఆస్టిన్ సెవెన్, టాపు తీసేసి, ముక్కు ఆకాశానికెత్తి కొండెక్కుతోంది. పాతికేళ్ళ కిందటి సంగతి. పీటర్ ఇంగ్లండులో, నార్తాంప్టన్‌లో మా హాస్పిటల్ పోర్టరు, నేను నర్సుని. పోటీకి నాలుగు రోజుల ముందు మణికట్టు విరగ్గొట్టుకుని, కారు నాకూ నా భార్య సుగుణకుమారికీ అప్పగించాడు.

అది వేగం పోటీ కాదు. బురద కొండ మీద ఎక్కడా ఆగకుండా పైకి చేరాలి, అంతే. ఒకరు నడుపుతారు. పక్క సీటులో ఉన్నవాళ్ళు తాడు పట్టుకుని, కూర్చున్నచోటే ఎగిరెగిరి పడుతుంటారు. ఆ బరువుకి వెనక చక్రాలు నేలని కరుస్తాయి. ఆ రోజు మేం ఆగకుండా పైకి చేరాం. నేను నడిపాను, సుగుణ ఎగిరింది. ఈ కథ చర్చిలో చెప్పాను, పుట్టినరోజుల్లో చెప్పాను, ఆఖరికి మా డాక్టరు క్లినిక్కులో పక్కన కూర్చుని దగ్గుతున్న మనిషికి కూడా చెప్పాను.

పోయిన చలికాలం పీటర్ చనిపోయాడు. అతని జ్ఞాపకంగా శనివారం అదే కొండ మీద అదే కారు నన్ను నడపమంది హెలెన్. చర్చి వాళ్ళు పదిమంది వస్తామన్నారు.

ఆ పోటీనాటికి ఇంకా పుట్టని మా అబ్బాయి ఫ్రెడీ, నా భుజం మీదుగా ఫోటో చూసి, "డాడ్, యూ ఆర్ ఇన్ ద ప్యాసింజర్ సీట్," అన్నాడు.

కళ్ళజోడు తుడుచుకుని చూశాను. స్టీరింగు ముందు ఎర్ర స్కార్ఫులో సుగుణ. పక్కన గాల్లోకి లేచి, నోరు తెరుచుకుని నేను.

"ఇది వేరే కొండ అయ్యుంటుంది," అన్నాను.

కొండ పొడవునా, కింద పన్నెండు నుంచి కొన దగ్గర ఒకటి దాకా, నంబరు బోర్డులుంటాయి. ఫోటోలో కారు పక్కన ఒకటో నంబరు బోర్డు శుభ్రంగా కనబడుతోంది. మేం ఒకటి దాకా చేరింది ఆ ఒక్క కొండ మీదే. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలీలేదు. స్టీరింగు నా అరచేతుల్లో అదరడం నాకిప్పటికీ తెలుస్తుంటే, ఇదేమిటి?

సుగుణ వంటగదిలోంచి వచ్చింది. "కొండ కింద దాకా రోడ్డు మీద మీరే నడిపారండీ. ఆ బురద చూసి మీకు చెమటలు పట్టాయి. స్టీరింగు ముందు నన్ను కూర్చోమన్నారు."

"మరి ఇన్నేళ్ళూ నోరు మెదపలేదేం?"

"ఆ నెలలో మీకు ప్రమోషన్ రాలేదు. పాస్టరుగారి ముందు 'నేనెక్కించా' అన్నప్పుడు మీ మొహంలో కళ చూశాను. ఎలా కాదంటాను? ఆ తర్వాత మీరు చెప్పగా చెప్పగా, నేనే నడిపానా అని నాకే అనుమానం వచ్చేసింది."

ఆ ఆఖరి మాటకి సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మనసు ఒప్పుకోలేదు. ఫోటో ఒక్క క్షణానిది. మిగతా కొండంతా నేనే నడిపానేమో! శనివారం వరకూ ఇలాగే కొట్టుమిట్టాడాను.

శనివారం సన్నటి వాన. గొడుగుల కింద చర్చి వాళ్ళు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. హెలెన్ తాళం నా చేతిలో పెట్టింది. నాకు ధైర్యం చాలలేదు. కాస్త ఆలోచించుకుందామని ముందు పక్క సీటులో కూలబడ్డాను. చూడకుండానే నా చెయ్యి డాష్‌బోర్డు కిందకి పోయి తాడు పట్టుకుంది. దాని ముడి ఎక్కడుందో కూడా నా వేళ్ళకి తెలుసు.

అట్టమీద కాగితాలు పెట్టుకుని ఒకాయన వచ్చి, డ్రైవర్ పేరడిగాడు. చర్చి వాళ్ళు నావైపే చూస్తున్నారు. పాస్టరుగారైతే చప్పట్లకి చేతులెత్తేశారు కూడా.

"సుగుణకుమారి," అన్నాను, అందరికీ వినపడేలా. "అప్పుడూ తనే."

పాస్టరుగారి చేతులు అలాగే ఉండిపోయాయి. తాళం సుగుణకి ఇచ్చాను. తను స్టీరింగు ముందు కూర్చుని, కొండవైపు చూసి, చిన్న గొంతుతో అడిగింది.

"ఏమండీ, అప్పుడు నిజంగా నేనే నడిపానంటారా?"

"నువ్వే నడిపావు. పక్కన నేనున్నాగా," అన్నాను, తాడు రెండు చేతులా బిగించి పట్టుకుని.