రెండంగుళాల చీటీ

లెవెల్ చూసే సన్నటి పైపులో గాలిబుడగ ఒకటి మొండికేసింది. లెవెల్ తాత దాన్ని బొటనవేలితో తట్టి తట్టి, నీళ్ళ వెంట పైకి తోలాడు. బుడగ ఉంటే నీళ్ళు అబద్ధం చెబుతాయి. నలభై ఏళ్ళుగా పనిలోకి రాగానే ఆయన చేసే మొదటి పని ఇదే. ఈ కొసన నీళ్ళు ఎంత ఎత్తున నిలిస్తే ఆ కొసనా అంతే ఎత్తున నిలుస్తాయి. ఇంత చిన్న సంగతి మీద అంతంత మేడలు నిలబడతాయన్న ఆశ్చర్యం ఆయనకు ఇంకా పాతబడలేదు.

పాత ఆసుపత్రికి ఆనించి కొత్త భవనం లేస్తోంది. పదిగంటలకు రెండో అంతస్తు శ్లాబు. చెక్కలు బిగించారు, ఇనుము కట్టారు. తాత పైపు కొసను పాత భవనం గడప దగ్గర కట్టి, రెండో కొసతో నిన్న తాను గీసిన గీత దగ్గరికి వచ్చాడు. నీళ్ళు గీతకు కిందనే ఆగిపోయాయి.

కొలిచాడు. రెండంగుళాలు.

కింది స్తంభం మీద రెండు గీతలుంటాయి. నల్లది శ్లాబుకు, దానికి పైన ఎర్రది ఆఖర్న పరిచే బండలకు. నిన్న సందెవేళ ఆయన ఎర్రదాన్ని నల్లదనుకుని, దాన్నిబట్టి తన గీత గీశాడు.

"మొన్న చక్కెర డబ్బాలో ఉప్పు పోశారు. రేపు నన్ను చూసి ఎవరమ్మా నువ్వంటారు. కళ్ళు చూపించుకోండి మహాప్రభో!" అని పొద్దున కూడా భార్య సణిగింది.

"నిన్ను గుర్తుపట్టడానికి కళ్ళెందుకే, ఆ గొంతు చాలదూ?" అని తప్పించుకు వచ్చాడు.

ఇలాగే పోస్తే కొత్త నేల రెండంగుళాలు లేస్తుంది. రోగిని తోసుకొచ్చే చక్రాల మంచం సరిగ్గా ఆ గడప దగ్గర తన్నుకుంటుంది. చెబితే కళ్ళ సంగతి బయటపడుతుంది, ఇక ఆయన చేతికి పైపు ఎవరిస్తారు? చెప్పకపోతే బండలు పరిచేదాకా ఎవరికీ తెలియదు. అప్పుడు తిట్లు తినేది బండలవాళ్ళు.

అలాంటిది ఆయన చూడనిది కాదు. పడుచుతనంలో ఒక మేడ దగ్గర దూలం తప్పుగా దిగింది. "ఎవడ్రా?" అని యజమాని అరిచాడు. కాంట్రాక్టరు ఇంజనీరును చూపించాడు, ఇంజనీరు మేస్త్రీని, మేస్త్రీ ఆ రోజు పనికి రాని మనిషిని. ఆ రానివాడు తాతకు స్వయానా బావ, అక్క మొగుడు. నిజం తెలిసిన తాత తన కాలివేళ్ళు చూసుకుంటూ నిలబడ్డాడు. బావకు మళ్ళీ ఎవరూ పని ఇవ్వలేదు. అక్క తాను చచ్చిపోయేదాకా తమ్ముడితో మాట్లాడలేదు.

ఈ ఆసుపత్రి ఒప్పందం మాత్రం వింతది. కట్టించే డాక్టరమ్మ, నక్షా గీసిన ఇంజనీరమ్మ, కాంట్రాక్టరు, పైపులవాళ్ళు, కరెంటువాళ్ళు అందరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. లాభమైనా నష్టమైనా అందరిదీ. తప్పు కనబడితే ఎవరైనా సరే పసుపు చీటీ రాసి ఆఫీసు గోడకు అంటించాలి. తాత చేత కూడా సంతకం చేయించారు. కాగితం మీద మాటలే కదా అని ఆయన ఆ రోజు నవ్వుకున్నాడు.

ఇప్పుడు ఆ గదిలోకి వెళ్ళాడు. పొద్దుటి మీటింగుకోసం అందరూ బల్ల చుట్టూ ఉన్నారు. చెవిమీది పెన్సిలు ముక్క తీసి, అలవాటుగా కొస కొరికి, చీటీ రాసి అంటించాడు: 'రెండంగుళాలు ఎక్కువ. గీత నాదే.'

"ఎవడ్రా?" అన్న అరుపుకోసం తల వంచుకున్నాడు.

"అంతటానా తాతా, ఒక పక్కేనా?" అంది ఇంజనీరమ్మ.

"పాత బిల్డింగు పక్కనేనమ్మా. ఎర్రగీతని నల్లదనుకున్నాను. నా కళ్ళు..."

ఆమె అప్పటికే నక్షా పరిచేసింది. కాంట్రాక్టరు ఫోనులో ఉన్నాడు. "కాంక్రీటు లారీలు మధ్యాహ్నం పంపండి. డ్రైవరునా? పడుకోమనండి, నేనొచ్చి జోల పాడతాను!"

పైపుల మేస్త్రీ లేచాడు. "చెక్కలు దించితే నా పైపులూ దించాలిగా. పదండి."

డాక్టరమ్మ కొంగు బిగించి పాత భవనం గడప దగ్గరికి వచ్చి దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుంది. "ఈ కొస నేను పట్టుకుంటాను. ఎలా పట్టుకోవాలి తాతా?"

"పైపు మూతి మీద వేలు పెట్టకండమ్మా, నీళ్ళకి ఊపిరాడదు."

చెక్కలకింది ఇనుప జాకీలను తలా ఒకటి పట్టుకుని తిప్పారు. జన్మంతా ఒకరి మీదికొకరు వేళ్ళు చూపించుకోవడమే చూసిన తాత, ఆ వేళ్ళన్నీ మరలు తిప్పుతుంటే నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పైన చెక్కలు వెంట్రుకవాసి చొప్పున దిగుతున్నాయి. పైపులో నీళ్ళు ఊగి, ఊగి, నిలిచాయి.

"ఇక్కడ సరిపోయింది!" అంది డాక్టరమ్మ, చిన్నపిల్లలా.

తన కొసన ఉన్న నీళ్ళు తాతకు మసకగా కనిపించాయి. కళ్ళ జబ్బో, కన్నీళ్ళో ఆయనకే తెలియలేదు. "నువ్వు చూడమ్మా," అని ఇంజనీరమ్మను పిలిచాడు.

"సరిగ్గా ఉంది తాతా."

మధ్యాహ్నం కాంక్రీటు పోశారు. పొద్దు వాలేవేళ తాత పైపును చుట్టగా చుట్టి ఇంజనీరమ్మ చేతుల్లో పెట్టాడు.

"రేపటినుంచి రానమ్మా."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అదేగా విచిత్రం. ఎవరూ ఏమీ అనలేదు."

"కళ్ళకి ఆపరేషన్ చేయిస్తాను, మళ్ళీ రా," అంది పక్కనే ఉన్న డాక్టరమ్మ.

"చేయించండి. మా ఆవిడ మొహం చూసి చాలా కాలమైంది. గీతలు మాత్రం ఇక మీరే గీసుకోండి."

మెట్టు మెట్టూ పాదంతో తడుముకుంటూ దిగి, గేటు దాటి వెళ్ళిపోయాడు.

మర్నాడు పని తీరిపోయిందని గోడమీది చీటీ తీసేశారు. దాని కింద, బల్ల మీద, కత్తితో చెక్కిన బొటనవేలంత పెన్సిలు ముక్క ఉంది, చివరన పంటిగాట్లతో.