కూర్చున్న కొలత

“నొక్కేది తర్వాత నొక్కుదువు గానీ, ముందు రొయ్యలు ఒలవమ్మే, చెడిపోతాయి,” అంది షాజాదీ బేగం కోడలితో.

కోడలు ఆయేషా ఆ రెండు పనులూ చేస్తూనే ఉంది. ఎడమ పక్క రొయ్యల గిన్నె, కుడి పక్క బోర్లించిన బక్కెట్టు మీద పాలకవరులో చుట్టిన ఫోను. ఆ కవరు ఆమె సొంత తెలివి. తడి చేత్తో నొక్కినా తెర పాడవదు, నీచు వాసన అంటదు. నాలుగు రొయ్యలు ఒలవడం, ఒక నంబరు కొట్టడం, మళ్ళీ నాలుగు రొయ్యలు. రెండేళ్ళుగా ఆమె ఉద్యోగం ఇలాగే సాగుతోంది.

ముత్తుకూరులో ఓడరేవు పనులు చూసిపెట్టే ఒక చిన్న ఆఫీసు ఉంది. ఓడల్లోంచి దిగే కంటైనర్ల కాగితాలను వాళ్ళు ఫొటోలు తీసి పంపుతారు. వాటిలోని నంబర్లూ సరుకుల పేర్లూ చూసి ఆయేషా జాబితాలో ఎక్కించాలి. డిగ్రీ చదివిన మనిషి, రెండు బొటనవేళ్ళతో ఓడల్ని ఒడ్డుకు చేరుస్తోంది. ఆమె భర్త యాసీన్ మాత్రం ఎవరడిగినా, “మా ఆమె ఇంట్లో ఊరికే ఉండలేక ఏందో ఫోన్లో చేస్తుంటాది” అంటాడు. ఉద్యోగం అనే మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు.

యాసీన్ చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకి ఆయన మీద పళ్ళు నూరుకునే శ్రమ తప్పుతుంది. ఆయన వడ్రంగి మేస్త్రి. పనిమంతుడు. రేవు ఆఫీసుల్లో సగం బల్లలు ఆయన చిత్రిక పట్టినవే. పెద్ద ఆఫీసరుకి బల్ల చేయాలంటే ముందు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి దగ్గర నుంచి మోచేతి దాకా టేపు పెట్టి కొలుస్తాడు. “కదలొద్దు సార్, కదిలితే కొలత తప్పుతుంది” అని గదమాయిస్తాడు కూడా. జిల్లాని గడగడలాడించే సార్లు ఆయన టేపు ముందు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతారట. ఆ కథ ఆయన ఇంట్లో వందసార్లు చెప్పాడు. ఇంట్లో మాత్రం ఒక్క బల్ల కూడా లేదు. అడిగితే, “మనకెందుకు, చాపలున్నాయి గదా” అంటాడు.

మొన్న ఒక పొరపాటు జరిగింది. కంటైనరు నంబరంటే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలు. ఆయేషా అక్షరాలు కొట్టేసరికి అత్తకు వక్కలు కావాల్సి వచ్చాయి. మూడు అంకెలు కొట్టేసరికి గ్యాసు బండి వచ్చింది. ఇంకో మూడు కొట్టేసరికి కూతురు ఫరీన్‌కి బడి వేళకి జడ రిబ్బను దొరకలేదు. ఆఖరి అంకె దగ్గరికొచ్చి ఆరుకి బదులు తొమ్మిది కొట్టింది. ఆ ఒక్క అంకె పుణ్యమా అని ఎవరివో గచ్చుబండల పెట్టె కోసం యార్డులో మధ్యాహ్నం దాకా వెతుకుతూనే ఉన్నారు.

ఆఫీసు చూసుకునే చెంచులక్ష్మి గారి నుంచి ఫోను వస్తే, తిట్లు పడతాయనుకుని ఆయేషా గోడకి ఆనుకుని నిలబడింది.

“తప్పు నీ చేతిలో ల్యా, ఆయేషా. నువ్వు పని చేసే చోటులో ఉండాది,” అంది ఆవిడ. “కంప్యూటరు కొనుక్కో. ఒకటో తేదీ నుంచి పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా మొత్తం జాబితా నీకే ఇస్తా. కానీ ఆ మూడు గంటలూ లేవకుండా కూర్చోవాల. అట్టా కుదరదంటే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటా. నాకూ పైనోళ్ళ నుంచి మాట పడతా ఉంది.”

మూడు గంటలు లేవకుండా కూర్చోవడం! ఆయేషాకి నవ్వొచ్చింది. చివరిసారి అలా కూర్చున్నది డిగ్రీ ఆఖరి పరీక్షలో. అప్పుడు కూడా ఎవరూ పిలవలేదు కాబట్టి కుదిరింది.

ఆ సాయంత్రం ఇంట్లో సభ జరిగింది. డబ్బు ఆయేషాది. సలహాలు అందరివీ.

“ల్యాప్‌టాపే కొనాల,” అన్నాడు యాసీన్. “ఒళ్ళో పెట్టుకునేది ఉండగా ఆ పెద్ద పెట్టె ఎందుకు? దానికి చోటు యాడుంది? పైగా కరెంటు పోతే పెట్టె మొద్దు.”

“అవును మల్లా. ఊరి వాకిట్లో కరెంటు తయారు చేసే పొగగొట్టాలు, ఇంట్లో కొవ్వొత్తులు. దీపం కింద చీకటి,” అంది షాజాదీ బేగం. “చిన్నదైతే పని కాంగానే ముయ్యొచ్చు. చుట్టాలొస్తే పరుపు కింద పెట్టేయొచ్చు. అన్నం ఉడికేలోపల తెరుచుకోవచ్చు, ఉడకంగానే మూసుకోవచ్చు.”

“ల్యాప్‌టాపే బాగుంటుందమ్మా,” అని ఫరీన్ కూడా ఓటేసింది. “నేను నా గదిలోకి తీసుకుపోయి చదువుకుంటా.” పధ్నాలుగేళ్ళ ఆ పిల్ల చదువుకునేది ఏమిటో తల్లికి తెలియనిది కాదు.

ఆయేషా కూడా సరేనంది. నిజానికి ఆమెకూ అదే ముద్దొచ్చింది. పలకలా పల్చగా ఉంటుంది, వెండి రంగులో మెరుస్తుంది. ఆదివారం భార్యాభర్తలిద్దరూ స్కూటరు మీద నెల్లూరు వెళ్ళారు.

కొట్లో మధుబాబు అనే కుర్రవాడు బల్ల మీద ఐదు ల్యాప్‌టాపులు పరిచి వరుసగా మూతలు తెరిచాడు. “ఆడోళ్ళకి దీంట్లో ఉండే సుఖం దేంట్లోనూ ల్యాదక్కా. పొయ్యి మీద కూర పెట్టుకుని పక్కనే పని చేసుకోవచ్చు. బిడ్డకి జరమొస్తే మంచం మీద పెట్టుకోవచ్చు. మీరు యాడుంటే ఇది ఆడ ఉంటాది.”

“చూసినావా, నేను చెప్పలా?” అన్నాడు యాసీన్.

కొట్టు మూలన ఒక డెస్క్‌టాప్ ఉంది. దాని ముందు ఖాళీ కుర్చీ ఉంది. ఆయేషా కాళ్ళు నొప్పిగా ఉండి అందులో కూర్చుంది, అంతే. కుర్చీ కాస్త తిరిగింది. మోచేతులు బల్ల మీద వాటంతట అవే ఆనాయి. వేళ్ళ కింద మీటలు గట్టిగా, ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. ఊరికే ఒక కంటైనరు నంబరు కొట్టి చూసింది. పది వేళ్ళూ కదిలాయి. రెండేళ్ళుగా ఎనిమిది వేళ్ళకి సెలవిచ్చి రెంటినే చాకిరీకి పెట్టినందుకు ఆమెకి నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

“అమ్మే, మెంతులు యాడ పెట్టినావు?” అత్త.

“రెండో అరలో, పసుపు డబ్బా ఎనకాల.”

ఫోను పెట్టేసి ఆయేషా ఆలోచనలో పడింది. మెంతులు ఎక్కడుంటాయో తనకి తెలుసు. రిబ్బను, వక్కలు, గ్యాసు పుస్తకం, యాసీన్ చెవి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే పెన్సిలు, అన్నీ ఎక్కడుంటాయో తెలుసు. మరి తను ఎక్కడుంటుంది? ఎవరైనా వచ్చి ఆయేషా ఎక్కడ అంటే, ఇంట్లోనే యాడో ఉంటాదిలే అంటారు. యాసీన్‌కి వాకిట్లో కొట్టం ఉంది, అందులోకి వెళితే పనిలో ఉన్నట్టు. అత్తకి నమాజు చాప ఉంది, దాని మీద కూర్చుంటే పలకరించకూడదు. ఫరీన్ పుస్తకం తీస్తే ఇంట్లో టీవీ గొంతు తగ్గుతుంది. తనకి మాత్రం, ఇదిగో ఇక్కడ ఉంటే పనిలో ఉన్నట్టు అని చెప్పే జానెడు జాగా లేదు. ల్యాప్‌టాప్ కొంటే ఏమవుతుంది? మధుబాబు అన్నది నిజమే, తను ఎక్కడుంటే అది అక్కడ ఉంటుంది. పొయ్యి దగ్గర, మంచం దగ్గర, బక్కెట్టు మీద. పాలకవరు కాస్త పెద్దది వెతుక్కోవాలి, అంతే తేడా. ఎటు పిలిస్తే అటు వెళ్ళడానికి ఇంట్లో తను ఒకతి చాలు, ఇంకొకటి డబ్బులు పోసి కొనడం ఎందుకు? ఈ పెద్ద పెట్టె అలా కాదు. ఇది ఎవరు పిలిచినా రాదు. కావాలంటే వాళ్ళే దీని దగ్గరికి రావాలి. ఆ మొండితనం ఆమెకి తెగ నచ్చింది.

“బాబూ, నాకు ఇదే కావాల. కరెంటు పోతే కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె కూడా వెయ్యి,” అంది.

యాసీన్ తెల్లబోయాడు. “దానికి బల్ల కావాలమ్మే.”

“నువ్వు మేస్త్రివే గదా.”

మధుబాబు నవ్వాపుకోవడానికి బిల్లు పుస్తకంలో తల దూర్చాడు.

ఇంటికొచ్చాక చోటు తగాదా మొదలైంది. ముందు గదిలో కిటికీ కింద ఒక్కటే ఖాళీ ఉంది, అది స్కూటరుది. పదేళ్ళుగా రాత్రిళ్ళు అది అక్కడే నిద్రపోతుంది. “బండి వానలో, పెట్టె నీడలోనా?” అని అత్త బుగ్గలు నొక్కుకుంది. “బండి కొట్టంలో,” అంది ఆయేషా. తన గొంతు అంత తేలిగ్గా ఎలా పలికిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. యాసీన్ గొణుక్కుంటూనే స్కూటరు బయటికి తోశాడు.

బల్ల విషయంలో మాత్రం ఆయన హుషారు పడ్డాడు. ఒక సారు ఇంటి తలుపులకి పోగా మిగిలిన మంచి టేకు ముక్కలు దాచి ఉంచాడు, వాటినే తీశాడు. “టేపు తీసుకుని కొలవ్వా?” అని ఆయేషా అడిగితే నవ్వేశాడు. “ఇంటి మనిషికి టేపెందుకు? పదహారేళ్ళుగా చూస్తుండా. నాది కంటికొలత, అంగుళం తప్పదు.” మూడు రోజులు కొట్టంలో రంపం మోగింది, పొట్టు వాసన ఇల్లంతా కమ్మింది. అంచుల్ని చేత్తో తడిమి తడిమి నున్నగా చేశాడు. తన కోసం ఆయన అంతసేపు చిత్రిక పడుతుంటే, వంటింటి కిటికీలోంచి చూసి ఆయేషా పొంగిపోయింది. ఆ మాట ఆమె దాచుకోలేదు, ఆ రోజు టీలో ఇంత అల్లం ఎక్కువ వేసింది.

నెలాఖరు రోజు ఉదయం బల్ల ముందు గదిలోకి వచ్చింది. అద్దంలా ఉంది. కంప్యూటరు దాని మీదికెక్కింది. కొత్త కుర్చీ లాక్కుని ఆయేషా కూర్చుంది.

ఫరీన్ కిసుక్కున నవ్వింది. మీటల పలక తల్లి గడ్డం కింద ఉంది. చేతులు పైకెత్తితే గానీ అందడం లేదు. జాతరలో బజ్జీల కొట్టు ముందు నిలబడ్డ చిన్నపిల్లలా ఉంది ఆయేషా.

యాసీన్ ముందుకొచ్చాడు, వెనక్కి వెళ్ళాడు. ఒక కన్ను మూసి చూశాడు, రెండో కన్ను మూసి చూశాడు. “అదెట్టా? సరిగ్గానే తీసినానే. లెయ్, ఒకసారి నిలబడు.”

ఆయేషా నిలబడింది. బల్ల ఆమె నడుము దగ్గరికి చక్కగా, వెంట్రుకవాసి తేడా లేకుండా అమరింది. వంటింటి గట్టు ఎంత ఎత్తో అంతే ఎత్తు.

యాసీన్ వంటింటి గట్టు వంక, బల్ల వంక మార్చి మార్చి చూశాడు.

“నువ్వెప్పుడూ నిలబడే గదా ఉంటావు,” అన్నాడు యాసీన్ చివరికి, నోట్లో నోట్లో. “నా కంట్లో ఉండే కొలత అదే.” అని, తన మాట తన చెవిన పడ్డాక ఆ మేస్త్రి ముఖం చిన్నబోయింది. బల్ల చెడినందుకు కాదని ఆయేషాకి తెలిసింది.

షాజాదీ బేగం మంచం మీద నుంచి మెల్లగా లేచి వచ్చి ఆ బల్ల అంచు నిమిరింది. “మీ నాయన సైదావలి నలభై ఏళ్ళు ఊరందరికీ మంచాలూ కుర్చీలూ చేసినాడు రా. నన్ను ఒక్కసారి కూర్చోబెట్టి కొలవలా. నాకూ అడగాలని తోచలా.” కొడుకు వీపు మీద ఒక్కటి వేసింది. “పో, టేపు తీసుకురాపో. రేపు పదింటికి దానికి పనుండాది.”

తను సరిగ్గానే విన్నానా అని ఆయేషా అత్త వంక చూసింది. పని అంది అత్త.

యాసీన్ కొట్టంలోంచి టేపు తెచ్చాడు. చెవి మీద పెన్సిలు ఉంది. ఆయేషా కుర్చీలో వీపు ఆనించి, పాదాలు రెండూ నేల మీద పెట్టి, రేవు ఆఫీసులో పెద్ద సారులాగా కూర్చుంది. ఆయన ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని నేల నుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి మోచేతి దాకా కొలవసాగాడు. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆమె కూర్చుని ఉంటే ఎంత ఉంటుందో ఆయన చూడడం అదే మొదలు.

“ఏడంగుళాలు కోసెయ్యాల,” అన్నాడు. “ఉండు, ఇంకోసారి చూస్తా. కదలబాక.”

అప్పుడే వంటింట్లో కుక్కరు కూసింది. మూడో కూత. అత్త, భర్త, కూతురు ముగ్గురూ అలవాటుగా ఆయేషా వంక చూశారు.

“కదిలితే కొలత తప్పుతుంది, మేస్త్రీ,” అంది ఆయేషా. “ఎవురైనా పోయి స్టవ్వు కట్టేయండి.”

టేపు ఆమె ఒళ్ళో వదిలేసి యాసీన్ లేచి వెళ్ళాడు.