తొలకరి లేని నేల

జ్యేష్ఠమాస మధ్యాహ్నము. ప్రచండమార్తాండకిరణతప్తములై గంగాతీరసైకతములు మంగలములోని యిసుకవలె వేగుచుండగా పడమటినుండి వీచు వడగాలి ఆలుగడ్డలు త్రవ్వితీసిన బీడుపొలముల ధూళినెల్ల మోసికొనివచ్చి కన్నౌజునగరపు ఇరుకువీథులలో క్రుమ్మరించుచుండెను. అంగళ్లవారు గోనెపట్టాలు దించి వాని చాటున కునుకుచుండిరి. దాహార్తమైన యొక శునకము మురుగుకాలువలో మేను వాల్చి కన్నులు మూసికొనియుండెను. ఆ మురుగునీరు గులాబీవాసన వేయుచుండెను. ఇది కవుల యతిశయోక్తి యని చదువరులు తలంపవలదు. ఆ వీథిలో గులాబీలు వండినవారు పాత్రలు కడిగిన నీరది.

ఈ నగరమునకు పూర్వనామము కన్యాకుబ్జము. కుశనాభుడను రాజర్షికి పుట్టిన నూర్గురు కన్యలను వాయుదేవుడు మోహించి తన్ను వరింపుడని కోరగా తండ్రి సెలవు లేనిదే ఒల్లమని వారనిరట. అలిగిన వాయువు వారి నడుములు వంచి గూనివాండ్రను చేసెనట. ఆ గూనికన్నియల పేరే పురమునకు నిలిచెను. పిదప హర్షచక్రవర్తి యిచట కొలువుండెను. ఆయన యనంతరము మూడు రాజవంశములు ఈ గద్దెకై తరతరములు కొట్టుకొని మూడును నశించెను. నేడు ఆ కోట యొక ఇటుకలదిబ్బ. దానిపై మేకలు మేయుచున్నవి. గంగయు అలిగినదానివలె ఊరు విడిచి దూరము జరిగెను. ఆగ్రానుండి లక్నోకు పరుగిడు కార్లు ఆ పెద్దరహదారిమీద ఈ యూరి పేరుగల పలకను చదువకయే దాటిపోవును. ఊరు మాత్రము చావలేదు. గాలి మోసికొనిపోవు సరకును వండి అమ్ముకొని బ్రతుకుచున్నది. వాయువుతో వైరము వలన పేరు తెచ్చుకొనిన పురము ఆ వాయువు దయమీదనే పొట్టపోసికొనుట తలచినపుడెల్ల నాకు నవ్వును జాలియు ఒక్కమారే వచ్చును.

ఆ దిబ్బ క్రింది వీథిలో ఛేదాలాలను వృద్ధుని అత్తరుబట్టీ కలదు. మట్టిపొయ్యిమీద దేగు అను రాగికాగు. కాగుమూతనుండి గడ్డిత్రాడు చుట్టిన వెదురుగొట్టము. గొట్టము కొనయందు నీటితొట్టిలో మెడవరకు మునిగిన రాగికూజా. ఆ కూజాలో శ్రీగంధతైలము. కాగులో నీటితోపాటు గులాబీరేకులు వేసినను మొగలిపొత్తులు వేసినను వాని వాసన ఆవిరియై వెదురువెంట నడచివచ్చి గంధతైలములో కాపురముండును. ఆవిరి చల్లారగా మిగిలిన నీరు తైలముక్రింద చేరును. కూజా అడుగున బిరడా తీసి ఆ నీటిని కార్చివేయుదురు. ఛేదాలాలునకు గడియారముతో పనిలేదు. తొట్టిలో చేయి ముంచి కూజా కడుపు నిమిరి దాని వేడిమినిబట్టి మంట తగ్గించుమనియో పెంచుమనియో తనకు తానే చెప్పుకొనును. ఇరుగుపొరుగువారు రసాయనములు కలిపి గంటలో సీసాలు నింపుచుండగా ఈ ముసలివాడు పిడకలు ఎగద్రోయుచు పొయ్యిముందు దినమెల్ల కూర్చుండును. వారతనిని చాదస్తుడందురు. అతడు వారిని ముక్కులేనివారనును.

వానలకు ముందు ఎండాకాలమునందు మాత్రమే ఆ కాగులో పూవులు వేయక మట్టి వేయుదురు. బీటలు వారిన చెరువుమట్టిని బిళ్లలుచేసి ఆవములో కాల్చి ఆ పెంకులను వండగా వచ్చు అత్తరునకు తొలిచినుకు పడిన నేలవాసన యుండును. లోకమునకు తొలకరి ఆషాఢమున వచ్చును. ఛేదాలాలు సీసాలోనికి జ్యేష్ఠముననే వచ్చును.

సుంకులమ్మ యను గణితోపాధ్యాయిని ఆ బట్టీకి మొదట వచ్చినది మూడేండ్ల క్రిందట. కర్నూలుసీమలో పుట్టి కేంద్రప్రభుత్వపు పాఠశాలలలో ఉద్యోగము చేయుచు దేశమెల్ల తిరిగి తిరిగి యాబదియవ యేట కన్నౌజు చేరినది. పెండ్లి లేదు. బదిలీలే ఆమెకు బంధువులు. ఆనాడు ఛేదాలాలు గాజుపుల్లతో ఆమె మణికట్టుమీద మట్టి అత్తరొక్క చుక్క యుంచెను. ఆమె వాసన చూచెను. కన్నులు మూసికొనెను. ముసలివాడు మెప్పుకై యెదురు చూచుచుండగా ఆమె మొగము చిన్నబోయెను.

“బాగుండలేదా బహిన్‌జీ?” అని అతడడిగెను. ఆ సీమలో పంతులమ్మలను అట్లే పిలుతురు. అతడాడిన హిందీని నేను తెలుగున వ్రాయుచున్నాను. రుచి చెడినచో దోషము నాది.

“చాల బాగున్నది చాచా. కాని యిది మీ నేల” అని ఆమె పలికెను. “మా యూరు నేరేడుకొట్టాల. కృష్ణ యొడ్డున నల్లరేగడి. ఆనకట్ట కట్టినప్పుడు నీట మునిగినది. నడివేసవిలో నీరు తీసినను మా యూరు బయటపడదు. లోతున నున్నది. ఎప్పుడును నీటిలోనే యుండు నేలకు తొలకరి యెక్కడిది? ఆ వాసన యిక ఈ లోకములో లేదు.”

ఛేదాలాలు గాజుపుల్లను తన గుడ్డకు తుడిచికొనెను. కాని యామాట అతని చెవిలో ముల్లై నిలిచెను. తాను వండలేని వాసన యొకటి కలదని డెబ్బదియేండ్లలో అతనికి ఎవరును చెప్పియుండలేదు.

మూడవ వేసవిలో సుంకులమ్మకు అస్సాముకు బదిలీయుత్తరువు వచ్చెను. సామాను సర్దుకొనుచు పాతయినుపపెట్టె అడుగున చీరపేలికలో చుట్టియుంచిన చిన్న నల్లకుండను ఆమె పైకి తీసెను. తొమ్మిదేండ్ల ప్రాయమున ఊరు విడిచిన దినమున లారీమీద ఆమె యొడిలో తల్లి నాగేంద్రమ్మ యుంచిన కుండ అది. పునరావాసపుకాలనీలో నాగేంద్రమ్మ ఆరేండ్లు మాత్రమే బ్రతికెను. ఆమె ఛాయాచిత్రము సయితము లేదు. నేరేడుకొట్టాలకు ఈ భూమిమీద మిగిలిన గుర్తు జానెడు ఎత్తు గల ఆ కుండ యొక్కటే. ముక్కునకు ఆనించుకొనినను ధూళి తప్ప మరేమియు తెలియరాకుండెను. ఆ కుండ నేరేడుకొట్టాల కుమ్మరి నేరేడుకొట్టాల చెరువుమట్టితో చేసినది. కాల్చిన మట్టి. ఈ యూహ రాగానే సుంకులమ్మ సర్దుట మానివేసి కుండను ఎదుట పెట్టుకొని కూర్చుండెను. మూడవనాటి సాయంకాలము కుండతో బట్టీకి పోయెను.

ఛేదాలాలు కుండను చేత త్రిప్పి త్రిప్పి చూచి వ్రేలితో తట్టి చెవియొగ్గి వినెను.

“నా తాతగారు మచ్చు చూచుటకు వాడిన చిట్టిదేగు కలదు. దానికి ఈ పెంకులు చాలును. ఒక తులమో అరతులమో దిగును. కాని బహిన్‌జీ దీనిని పగులగొట్టవలెను. పగిలినదానిని నేను మరల కుండను చేయలేను. ఆలోచించుకొనుడు.”

“మూడుదినములుగా అదియే పని” అని ఆమె పేలవముగా నవ్వెను.

“ఇంకొక్కమాట. పెంకును మరల నిప్పులో ఎఱ్ఱగా కాల్చి పూర్వవాసనలు పోగొట్టి గాని దేగులో వేయరాదని మా నియమము. అయితే రెండవమారు కాలిన మట్టి తన వాసనను సగము పోగొట్టుకొనును. నీరు తప్ప వేరేదియు ఎరుగని కుండకైనచో ఆ కాల్పు అక్కరలేదు. దీనిలో ఏమి పోసెడివారు?”

సుంకులమ్మ తడుముకొనలేదు. “నీరే చాచా. లారీలో నా యొడిని పెట్టినప్పుడు నిండుగా నీరుండెను. నీటికుండ యిది.”

“అయిన మంచిది. వానలు పడకముందే వండవలెను. రేపు తెల్లవారగనే రండు.”

ఈ దినములలో గంధతైలపు వెల భరింపలేక బట్టీలవారు కూజాలో పారఫిన్ నూనె పోయుదురు. ఛేదాలాలును పోయును. మరునాడు మాత్రము అతడు గోడగూటినుండి తండ్రినాటి చిన్నసీసా తీసి అందలి శ్రీగంధతైలమును కడపటిచుక్కవరకు కూజాలో వంచెను. “మీ యూరిని పారఫిన్‌లో ముంచుదునా? ఒకమారు మునిగినది చాలదా?” అనెను.

పగులగొట్టవలసిన సమయము వచ్చెను. ఛేదాలాలు గుండ్రాయిని ఆమెకిచ్చి మొగము ప్రక్కకు త్రిప్పుకొనెను. మొదటిమారు ఎత్తిన చేయి కుండను తాకకయే ఆగెను. నలువదిమూడేండ్లు ఏ బదిలీలోను బీట పడనీయక గడ్డినడుమను బట్టలనడుమను పొదిగి తెచ్చిన వస్తువు. తల్లి చేతులు తాకిన వస్తువు మరియొకటి లేదు. వాసన రాకున్నచో? ఆమెకు భయము వేసెను. ఏడ్పు వచ్చెను. ఇంటికి తిరిగిపోదునా యనిపించెను. కాని పెట్టె అడుగున చీకటిలో నుండు కుండయు నీటియడుగున నుండు ఊరును ఒక్కటే యని తోచి ఆమె కన్నులు మూసికొని రాయి దించెను. కుండ మూడుచెక్కలయ్యెను. తక్కినదానిని ఛేదాలాలే మెల్లగా నలుగగొట్టెను.

దినమెల్ల చిట్టిదేగు సన్నసన్నగా గొణుగుచుండెను. ముసలివాడు మాటిమాటికి తొట్టిలో చేయి ముంచి కూజాను నిమురుచుండెను. సుంకులమ్మ గోనెపట్టామీద కూర్చుండి అన్నము ముట్టక వెదురుగొట్టమునే చూచుచుండెను. ప్రొద్దు దిబ్బవెనుకకు వాలినప్పుడు అతడు మంట ఆర్పి కూజాను చల్లారనిచ్చి గొట్టము విడదీసి గాజుపుల్ల ముంచి ముక్కుకడకు తెచ్చికొనెను.

అతని కనుబొమలు ముడివడెను. మరల చూచెను. మూతకు మెత్తిన మట్టిని పరీక్షించెను. గొట్టమును వాసన చూచెను. తుదకు తలగుడ్డ విప్పి ఒడిలో పెట్టుకొని నేలచూపులతో పలికెను.

“చెడినది బహిన్‌జీ. మట్టివాసన రవంతయు లేదు. నేయి. పాతనేయి. అందులో ఏదో ఆకు. కొంత పొగ. ఇది నీటికుండ కాదు. మరల కాల్చకపోవుట నా తప్పు. అడిగి ఊరకుండుట గాదు నేను ముక్కు పెట్టి తెలిసికొనవలసినది. మీ యూరు రాలేదు. మీ కుండయు పోయెను. ఈ ముసలిముండాకొడుకును క్షమింపుడు.”

సుంకులమ్మ గాజుపుల్ల అందుకొనెను. వాసన చూచెను.

మునగాకు. వెన్న కాచునపుడు నాగేంద్రమ్మ కడపట నాలుగు మునగరెమ్మలు నేతిలో వేసెడిది. అవి చిటపటలాడగానే కుండను పొయ్యినుండి దించెడిది. ఆ వేగిన ఆకును అన్నములో నలిపి బిడ్డకు పెట్టెడిది. పొగ కంపకట్టెలది. నలువదిమూడేండ్లు ఎంత వెదకినను దొరకని వంటయిల్లు దండెముతోను ఉట్టితోను మసిపట్టిన గోడతోను తల్లి వీపుతోను కూడ ఆ పుల్లకొనయందు నిలిచియుండెను.

వానితోపాటు ఆమె మరచిన మరియొకటియు వచ్చెను. లారీ. నడినెత్తి నెండ. ప్రయాణపు తొందరలో ఖాళీచేసిన నేతికుండనే తల్లి కడిగి నీరు నింపి తన యొడిలో పెట్టెను. దారిలో దప్పియై తాను మూతి పెట్టి ఒక్క గ్రుక్క పుచ్చుకొని ఉమిసివేసెను.

“నాకొద్దుమా. నెయ్యికంపు కొడతాండాయి నీళ్లు.”

“తాగమ్మీ. మనింటి వాసనేగదా. మళ్లెప్పుడు దొరుకుతాదో ఏమో.”

తాను త్రాగలేదు. కుండను త్రోసివేయగా సగము నీరు తల్లిచీరమీద ఒలికెను. నాగేంద్రమ్మ కోపగింపలేదు. మిగిలిన నీటిని తానే త్రాగి దుమ్ములో మాసిపోవుచున్న ఊరివంక చూచుచు కూర్చుండెను.

సుంకులమ్మకు కన్నీరు ధారగా కారెను. ఛేదాలాలు భయపడి చేతికి అలవాటైన పనికి దిగెను. కూజాను తొట్టి గట్టుమీది కెత్తి తైలముక్రింది నీటిని పారబోయుటకై అడుగుబిరడా తీసెను.

సుంకులమ్మ చటుక్కున వచ్చి దోసిలి పట్టెను.

“అది పనికిమాలిన నీరు బహిన్‌జీ. చేదుగా నుండును” అని అతడు వారించెను.

ఆమె త్రాగెను. మరల దోసిలి పట్టి మరల త్రాగెను. నడుమ ఆగి ఎదుటనున్న యెవరికో చెప్పినట్లు మెల్లగా అనెను.

“తాగుతాండా మా.”

ఛేదాలాలు ఆ భాష నెరుగడు. బయట వడగాలి ఆగి వానలు తెచ్చు తూర్పుగాలి తిరుగుచుండెను. అతడు బిరడాను ప్రక్కనుంచి రెండుచేతులతో కూజాను ఒరగించి కడపటి నీటిబొట్టు ఆమె దోసిట పడువరకు అట్లే పట్టుకొని నిలిచెను.