నిండుగా తిరిగొచ్చిన నీళ్లు

నేను ఒక స్టీలు నీళ్ల సీసాను. లీటరు పడతాను. రెండు గోడల మధ్య గాలి లేకుండా తీసేసి మూసిన ఒళ్లు నాది. పొద్దున చల్లటి నీళ్లు పోస్తే సాయంత్రం దాకా చల్లగానే ఉంచుతాను. నన్ను చేసిన కార్ఖానాలో ఒకాయన, సెగ కక్కే యంత్రం ముందు తువాలుతో మెడ తుడుచుకుంటూ, నాలాంటివాటిని రోజుకు కొన్ని వందలు తీసేవాడు. ఆయన తాగే నీళ్లు మాత్రం పక్కన పాత ప్లాస్టిక్ డబ్బాలో కాగుతుండేవి. మనుషుల సంగతి నాకు మొదట అర్థమైంది అక్కడే.

పల్నాడులో ఒక పాత్రల కొట్టుకు చేరాను. అక్కడ నా పొట్ట మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు చెక్కారు: 'డ్రిల్ మాస్టారు యేసుపాదం గారికి, పదో తరగతి విద్యార్థులు.' పదవీ విరమణ సభలో దండతో పాటు నన్నూ ఆయన చేతిలో పెట్టారు. సభ అయ్యాక దండను కుర్చీ మీదే వదిలేసి, నన్ను మాత్రం చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడాయన. నాలుగేళ్లు ఆయన వాకింగుకు తోడుగా వెళ్లాను. ఒకనాడు ఆయన దగ్గర బంతి వేయడం నేర్చుకున్న ఒక శిష్యురాలు ఇంటికొచ్చి, క్రికెట్ అంపైరు పరీక్ష పాసయ్యానని చెప్పింది. మాస్టారు మూత తీసి నాలో మిగిలిన నీళ్లు పూలమొక్కకు పోసి, నన్ను ఆమె చేతికిచ్చాడు.

"నాకు ఇంట్లో కుండ ఉంది. ఎండలో నిలబడేది నువ్వు. దాహమేసేదాకా ఆగబాక సుగుణా, అప్పటికే ఆలస్యమైపోయినట్టు లెక్క."

అలా నేను మేరీ సుగుణ దాన్నయ్యాను. ఆమె ఒక ప్రైవేటు హైస్కూల్లో పీఈటీ టీచరు. అప్పటికి ముప్పై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక ఒక్క గది అద్దెకు తీసుకుని ఉండేది. బడికి సెలవులిచ్చే రోజుల్లోనే టోర్నమెంట్లు జరుగుతాయి కాబట్టి, ఆమె అంపైరింగ్ అంతా ఏప్రిల్, మే నెలల్లోనే. మా వైపు మే నెల ఎండ గురించి చెప్పనక్కర్లేదు. నాపరాళ్ల గోడలు రాత్రి కూడా సెగ వదులుతూనే ఉంటాయి.

పొద్దున్నే ఆమె నన్ను నింపే తీరు చూడముచ్చటగా ఉండేది. కుండలో నీళ్లు, ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ. నాలుక మీద ఒక చుక్క వేసుకుని, కన్నీళ్లకంటే ఉప్పగా లేదని చూసుకుని, మూత బిగించేది. బస్సులో నన్ను ఒళ్లో పెట్టుకునేది. టోర్నమెంట్లు జరిగే కాలేజీ మైదానంలో స్కోరర్ల బల్ల కింద, నీడ పడేచోట నన్ను నిలబెట్టి, తెల్ల టోపీ పెట్టుకుని లోపలికి నడిచేది.

సాయంత్రం నన్ను ఇంటికి తీసుకుపోయి ఆ నీళ్లన్నీ సింకులో పారబోసేది.

మొదటి ఏడు నాకేమీ అర్థం కాలేదు. నా నీళ్లు రుచిగా లేవేమో అనుకున్నాను. విరామంలో వచ్చి మూత తీసేది, ఒక గుక్క పుక్కిలించి ఉమ్మేసేది, మూత పెట్టేసేది. ఆటగాళ్లకు మాత్రం ఆమే పాఠం చెప్పేది: "ఓవరు ఓవరుకీ రెండు గుక్కలు తాగండి. ఉప్పు వేసుకోండి. పిక్క పట్టేసినాక తాగితే లాభం లేదు." ఒకసారి ఒక ఫాస్ట్ బౌలరు పిక్క పట్టుకుని కూలబడితే, అతని కాలు సాగదీసి, వేళ్లు వెనక్కి వంచి, నాలోని నీళ్లు అతనికే తాగించింది. నేను సగం ఖాళీ అయి ఇంటికెళ్లింది ఆ ఒక్క రోజే.

ఆమె జోడీ అంపైరు కరీముల్లా గారు. యాభై దాటినవాడు, మెత్తని మనిషి. ప్రతి విరామంలోనూ రెండు గ్లాసుల మజ్జిగ తాగి, కాలేజీ ప్రహరీ అవతల తుమ్మచెట్ల చాటుకు వెళ్లి వచ్చేవాడు. ఆటగాళ్లూ అంతే, స్కోరర్లూ అంతే. ఆ దారంట మగవాళ్లు కాలిబాట వేసేశారు. సుగుణ ఆ వైపు వీపు పెట్టి, స్కోరర్ల బల్ల దగ్గర ఒక్కతే నిలబడేది.

"ఏం తాగట్లేదేందమ్మా?" అని అడిగేవాడాయన.

"దాహం లేదు సార్," అనేది.

దాహం లేదట! నా మూత మీద చేయి పెట్టినప్పుడు ఆమె వేళ్లు ఎంత పొడిగా ఉండేవో నాకు తెలుసు. పెదవుల మీద చెమట ఉప్పు తెల్లగా కట్టేది. అయినా ఆ మైదానంలో ఆమెకు వెళ్లడానికి చోటు లేదు. ఆడపిల్లల మరుగుదొడ్డి గది ఒకటి ఉంది, నిజమే. పెవిలియన్ వెనక తలుపు మీద చీర కట్టిన బొమ్మ కూడా వేశారు. దానికి ఎప్పుడూ తాళమే. పొద్దున ఆరింటికి ఇంట్లో బయల్దేరే ముందు ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చాక ఒకసారి. మధ్యలో పన్నెండు గంటలు ఆమె తన ఒంటికి తాళం వేసి ఉంచేది. మూత్రంలో మంటని రెండుసార్లు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. "నీళ్లు బాగా తాగమ్మా" అందావిడ. సుగుణ తల ఊపింది. ఆవిడ చెప్పిన మాటలో తప్పేముంది?

ఇలా పదేళ్లు గడిచాయి. ఈలోగా యేసుపాదం మాస్టారు పోయాడు. సుగుణ ఆటలో తప్పులు దొర్లనివ్వని అంపైరని పేరు తెచ్చుకుంది. రాష్ట్ర స్థాయి జాబితాలోకి తీసుకోవడానికి ఆమె పేరు పంపారు. ఒక ఫైనల్ మ్యాచ్ చూసి మార్కులు వేయడానికి పరిశీలకుడు ఒకాయన వచ్చాడు. ఆ ముందు రోజు ఆమె తెల్ల చొక్కాను రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

ఆ రోజు వడగాలి. రెండో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి మైదానంలో గడ్డి మాడి నల్లబడినట్టు కనిపించింది. సుగుణ మాటిమాటికీ కుడికాలు నేలకు తట్టుకుంటోంది. అది పిక్క బిగుస్తున్న గుర్తని నాకు తెలుసు. పరిశీలకుడు గొడుగు కింద కూర్చుని నిమ్మసోడా తాగుతున్నాడు.

ఆఖరి ఓవరులో ఆరు పరుగులు కావాలి; మిగిలింది ఒక్క వికెట్టే. బ్యాటరు బంతిని పక్కకు నెట్టి పరుగెత్తాడు. రెండో పరుగుకు తిరిగాడు. బంతి సుగుణ ఉన్న వైపు వికెట్ల మీదికి వస్తోంది. ఆమె పక్కకు ఉరికి, గీత కనిపించేలా నిలబడాలి. ఒక అడుగు వేసింది. రెండో అడుగుకు కాలు రాయిలా పట్టేసింది. మోకాళ్ల మీద పడిపోయింది. ఆమె వెనక వికెట్లు ఎగిరిపడ్డాయి.

పదకొండు మందీ గొంతులు చించుకున్నారు. ఆమె వేలెత్తితే అవుట్. ఎవరూ ఆమెను తప్పు పట్టరు. ఆటా అయిపోతుంది, నొప్పీ అయిపోతుంది, రాష్ట్రం జాబితాలో పేరూ వస్తుంది. ఆమె మాత్రం మోకాళ్ల మీదే ఉండి, అవతల నిలబడ్డ కరీముల్లా గారి వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపి, గట్టిగా చెప్పాడు: "నేను నా వైపు గీత చూస్తన్నానమ్మా. చూళ్లేదు."

"నేనూ చూళ్లేదు," అంది సుగుణ అందరికీ వినపడేలా. "నాటౌట్."

బౌలింగ్ జట్టు కెప్టెన్ టోపీ తీసి నేలకు కొట్టాడు. "ఆడమనిషిని నిలబెడితే ఇట్నే ఉంటది!" అన్నాడు. తర్వాతి బంతికి ఫోరు పోయి ఆట ముగిసింది. అప్పటిదాకా ఒంటికాలి మీద నిలబడ్డ సుగుణ, వికెట్ల మీది బెయిల్స్ తీసి జేబులో వేసుకుని, మైదానం అంచున ఇనుప రోలరు దాకా కుంటుతూ వచ్చి కూలబడింది. పిక్క, తొడ, చేతివేళ్లు కూడా కొంకర్లు పోయాయి.

కరీముల్లా గారు పరుగున వచ్చి బల్ల కింది నుంచి నన్ను అందుకున్నాడు. నన్ను ఎత్తగానే ఆయన చేయి ఒక్క క్షణం ఆగింది. నేను బరువుగా ఉన్నాను.

"ఏందమ్మా ఇది? పొద్దుట్నుంచీ చుక్క కూడా తాగలా?"

ఆమె పళ్లు బిగబట్టి చెప్పింది. "తాగితే యాడికి పోవాల సార్? మీరంతా ఆ గోడవతలికి పోతారు. నేను యాడికి పోను?"

చుట్టూ పదిహేను మంది మగవాళ్లున్నారు. టోపీ నేలకు కొట్టిన కెప్టెను దాన్ని వంగి తీసుకుని, దుమ్ము దులుపుతూ అటు తిరిగాడు. కరీముల్లా గారు ఆమె తల పట్టుకుని గుక్కగుక్కగా తాగించాడు. ఆయన తడిచేతుల్లోంచి నేను జారి ఆ రోలరు మీద పడ్డాను. నా పక్కన పెద్ద సొట్ట పడింది. రెండు గోడల మధ్యకు ఎక్కడి నుంచో గాలి దూరింది. ఆ రోజు నుంచి నేను చల్లదనం నిలపలేను. నాలో నీళ్లు మధ్యాహ్నానికే గోరువెచ్చనవుతాయి.

పరిశీలకుడి నివేదిక రెండు వారాలకు వచ్చింది. నిర్ణయాల్లో నిజాయితీకి మంచి మార్కులే వేశాడు. చివర ఒక వాక్యం రాశాడు: 'ఎండను తట్టుకునే శారీరక దృఢత్వం చాలదు.' జాబితాలో ఆమె పేరు లేదు. ఆ కాగితాన్ని ఆమె రెండుసార్లు చదివి, మడిచి, డ్రాయర్లో పెట్టింది. ఆ సాయంత్రం అన్నం వండుకోలేదు. నన్ను కుండలోని నీళ్లతో నింపి, మంచం మీద కూర్చుని, ఆపకుండా తాగింది. ఖాళీ అయ్యాక మళ్లీ నింపింది.

మళ్లీ మే నెల వచ్చింది. కరీముల్లా గారు మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్నాడు. కొత్త జోడీ అంపైరు ఒక కుర్రాడు. టోర్నమెంటు జరిపించే చిన్నపరెడ్డి గారు నాణెం పట్టుకుని, ఇద్దరు కెప్టెన్లను వెంటబెట్టుకుని వచ్చేసరికి, సుగుణ పెవిలియన్ వెనక, ఆ చీర బొమ్మ తలుపు ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. నేను ఆమె పక్కన ఉన్నాను.

"ఏంది మేడం, ఈడ కూర్చున్నారు? టాస్ టైమయింది."

"ఈ తాళం తీయించండి సార్. తీస్తే వస్తా."

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "తాళంచెవి ప్రిన్సిపాల్ గారి దగ్గరుంది. ఆయన ఊళ్లో లేడు. ఒక్క పూట సర్దుకోండి మేడం."

"ఒక్క పూట కాదు సార్. పదేళ్లు సర్దుకున్నా. పోయినేడు అందరి ముందూ పడిపోయినా. ఇంక నా వల్ల కాదు."

"రాకపోతే మీ బదులు ఇంకొకర్ని నిలబెడతాం."

"నిలబెట్టండి. నేను ఈడే కూర్చుంటా. ఎవరన్నా అడిగితే ఎందుకో చెప్తా."

కొత్త అంపైరు దూరంగా జరిగి, "మేడం, నన్ను ఇందులోకి లాగబాకండి" అన్నాడు. ఆమె అతన్ని లాగలేదు. ఎండ మెట్టు మీదికి వచ్చింది. ఆమె వేసుకున్నది మందపాటి ప్యాంటు. అయినా తొడల కింద రాయి కాలుతోందని నాకు తెలుస్తోంది. కదల్లేదు. ఆటగాళ్లు నీడలో గుంపుగా నిలబడి చూస్తున్నారు. ఆమె పక్కన వచ్చి కూర్చున్నవాళ్లు లేరు. నలభై నిమిషాలు నేనూ ఆమే. అంతసేపట్లో ఆమె నా మూత ఒక్కసారి కూడా తీయలేదు. తాళం పడి ఉన్నంతసేపూ తాగనని పట్టుబట్టిందేమో.

చివరికి చిన్నపరెడ్డి గారే ఒక రాయి తీసుకుని వచ్చాడు. "జరగండి," అన్నాడు ఆమె వైపు చూడకుండా. నాలుగు దెబ్బలకు తాళం ఊడింది.

లోపల విరిగిన బెంచీలు, సాలెగూళ్లు, ఎండి గట్టిపడ్డ గబ్బిలాల పెంట. కుళాయి తిప్పితే కాసేపు దగ్గి, తుప్పు నీళ్లు ఉమ్మి, ఆ తర్వాత మామూలు నీళ్లు పోసింది. సుగుణ చీపురు వెతుక్కుని తనే ఊడ్చింది. బయటికొచ్చి నా మూత తీసి, నిలబడి, నాలుగు గుక్కలు మింగింది. టాస్ వేయడానికి నడిచింది. ఆ సాయంత్రం బస్సులో నేను ఖాళీగా, తేలిగ్గా ఉన్నాను.

గెలిచిందని చెప్పుకోవచ్చు. కానీ గెలిచినవాళ్ల చుట్టూ చేరే జనం ఆమె చుట్టూ చేరలేదు. 'తాళం మేడం' అని పేరు పెట్టారు. మ్యాచ్‌లకు పిలవడం తగ్గించారు. భోజనాల వేళ బల్లకు ఆ చివర మగవాళ్లు, ఈ చివర ఆమె. కరీముల్లా గారు ఉంటే మజ్జిగ గ్లాసుతో ఈ చివరికి వచ్చేవాడేమో. ఆమె తిని, తాగి, ఆ చీర బొమ్మ గదికి వెళ్లి వచ్చి, వేళకు ముందే మైదానంలో నిలబడేది. ఆమె కాలు మళ్లీ పట్టేయలేదు.

రెండేళ్లకు ఆమెకు ఒంగోలు వైపు ఒక బడిలో ఉద్యోగం దొరికింది. ఇక్కడ ఆఖరి మ్యాచ్ రోజున, ఆట అయ్యాక ఆ గదిలోకి వచ్చింది. కుళాయి కింద చుట్టూ చూసింది. "ఒక చెంబు కూడా పెట్టరు," అనుకుంది పైకే. నన్ను కడిగి, మూత తన సంచీలో వేసుకుని, నన్ను కుళాయి పక్క గట్టు మీద పెట్టింది.

"ఉండు ఇక్కడే," అంది.

ఆమె నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే. నేను ఆమె తాగే నీళ్లు మోసినదాన్ని. ఇప్పుడు ఈ గదిలో చెంబును. మాస్టారి శిష్యులు చూస్తే నొచ్చుకుంటారేమో గానీ, నాకు చిన్నతనమనిపించలేదు. కాకపోతే ఒంటరితనం ఎక్కువ. సెలవులు కాని రోజుల్లో కాలేజీ అమ్మాయిలకు అవతలి భవనంలో మంచి గదులున్నాయి. ఇది ఎండాకాలంలోనే తెరుచుకుంటుంది. పది నెలలు చీకట్లో కుళాయి చుక్కలు లెక్కపెడుతూ ఉంటాను. బయట బంతి తగిలిన శబ్దం వినిపిస్తే మే నెల వచ్చిందనుకుంటాను.

ఈ ఏడు కూడా తలుపు తెరిచారు. నిన్న మధ్యాహ్నం విరామంలో ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. తెల్ల చొక్కా, టోపీ, జేబులో బెయిల్స్. నాకు తెలియని ముఖం. సుగుణ ఎవరో ఆమెకు తెలిసి ఉండదు. చేతిలోని నీళ్ల సీసాను తెచ్చి నా పక్కనే గట్టు మీద పెట్టింది. అద్దంలాంటి ప్లాస్టిక్ సీసా; లోపలికి కనిపిస్తోంది.

నీళ్లు సగానికి దిగి ఉన్నాయి.